కిడ్నీ ఇచ్చాక మీ ఫైలు మీరే తెరవండి

ఆరేళ్ల కిందట, కరీంనగర్‌లో ఉండే మా తమ్ముడికి నా ఎడమ కిడ్నీ ఇచ్చాను. అయిదో రోజున నన్ను ఇంటికి పంపుతూ ఆసుపత్రి వాళ్లు ఒక కాగితం చేతిలో పెట్టారు. కుట్లు చూపించుకోవాల్సిన తేదీ, నొప్పి మాత్ర పేరు, అడుగున 'నీళ్లు బాగా తాగాలి' అన్న మాట, అంతే. మరో వారానికి తమ్ముడు బయటికి వచ్చాడు. వాడికి ఒక సంచే ఇచ్చారు: ఏ పూట ఏ మాత్ర మింగాలో గళ్లు గీసిన చార్టు, రక్తపరీక్షల తేదీలు, అర్ధరాత్రి అయినా చేయదగ్గ ఫోను నంబరు.

ఆసుపత్రిని తప్పుపట్టడం లేదు. రోగి వాడు. నేను ఆరోగ్యంగా ఉన్నాననే కదా నా కిడ్నీ తీసుకున్నారు! చిక్కు కూడా అక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లడు. ఒక్క కిడ్నీతో ఉన్న మనిషి మాత్రం, ఏ జబ్బూ లేకపోయినా, ఏడాదికి ఒకసారైనా వెళ్లాలి. ఈ రెండింటి నడుమ దాత జారిపోతాడు. ఇంట్లో అందరి కళ్లూ కిడ్నీ అందుకున్నవారి మీదే ఉంటాయి, మన కళ్లు కూడా.

కిడ్నీ ఇచ్చినవారు, నెలా రెండు నెలల్లో ఇవ్వబోతున్నవారు ఏమేం చేసుకోవాలో వరసగా చెబుతాను. నేను డాక్టరును కాను. మీ డాక్టరు వేరేగా చెబితే ఆ మాటే వినండి.

ముందుగా ఫైలు

ఆపరేషన్‌కు ముందు మీకు చేసినన్ని పరీక్షలు మీ జీవితంలో ఎప్పుడూ చేసి ఉండరు. క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపే వ్యర్థం, రక్తంలో పెరిగితే వడపోత తగ్గినట్టు), 24 గంటల మూత్రంలో ప్రొటీన్, షుగరు, గుండె పరీక్షలు, రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్, ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో చూపే డీటీపీఏ స్కాన్. ఇవన్నీ సాధారణంగా రోగి ఫైలులోకి, అనుమతి కాగితాల కట్టలోకి వెళ్లిపోతాయి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కింద ఎవరు ఎవరికి ఇస్తున్నారో, డబ్బు చేతులు మారిందా లేదా అన్నది తేల్చుకోకుండా ఆపరేషన్ చేయరు. అందుకే అన్ని కాగితాలు, అన్ని సంతకాలు. ఆ కట్టలోంచి మీ రిపోర్టుల నకళ్లు అడిగి తీసుకోండి. ఆపరేషన్‌కు ముందే అడిగితే తేలిక. తర్వాత అడిగిన నేను రికార్డుల గది చుట్టూ మూడుసార్లు తిరిగాను. మూడోసారి తమ్ముడి ఫైలులోనే, వాడి ఎక్స్‌రే కవరులో దొరికాయి.

ఒక మంచి ఫైలు కొనండి. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో మీ పేరు, బ్లడ్ గ్రూపు, ఏ వైపు కిడ్నీ తీశారు, ఏ తేదీన, లాపరోస్కోపీ పద్ధతిలోనా పెద్ద కోతతోనా, మీకు పడని మందులు రాయండి. రెండో పేజీలో గళ్లు గీయండి: తేదీ, బరువు, బీపీ, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత ఎంతో చెప్పే అంచనా), మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, షుగరు. మొదటి వరసలో ఆపరేషన్‌కు ముందటి అంకెలు నింపండి. ఇక మీదట వచ్చే ప్రతి అంకెనూ ఆ వరసతోనే పోల్చుకోవాలి. రెండు పేజీలకూ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

నా గళ్లు ఇలా మొదలయ్యాయి. ముందు క్రియాటినిన్ 0.7. ఇంటికి వచ్చేనాటికి 1.2. ఏడాదికి 1.0. ఈ మూడు అంకెలకు అర్థం తర్వాత చెబుతాను. వాటి వల్ల నేను పోగొట్టుకున్న నిద్ర గురించి కూడా.

మొదటి పది రోజులు

లాపరోస్కోపీలో పొట్ట మీద మూడు నాలుగు చిన్న రంధ్రాలు, కిడ్నీని బయటికి తీయడానికి పొత్తికడుపు దగ్గర కాస్త పెద్ద కోత పెడతారు. నొప్పి అక్కడే ఉంటుందని అనుకుంటాం. నాకు మొదటి రెండు రోజులూ భుజం నొప్పి పెట్టింది. పొట్టను ఉబ్బించడానికి నింపిన కార్బన్ డయాక్సైడ్ వాయువు అవశేషం డయాఫ్రమ్‌ను (ఊపిరితిత్తుల కింద ఉండే కండరాన్ని) ఒరుసుకుంటే, ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట. గుండెపోటేమోనని మా అమ్మ హడలిపోయింది. అటూ ఇటూ నడిస్తే అదే తగ్గుతుంది. అయితే నొప్పితోపాటు ఆయాసం ఉంటే మాత్రం గ్యాసులే అని కూర్చోవద్దు.

ఒక చిన్న దిండు ఎప్పుడూ పక్కన ఉంచుకోండి. దగ్గినా, తుమ్మినా, నవ్వినా దాన్ని పొట్టకు గట్టిగా అదుముకోవాలి. మంచం మీద నుంచి నేరుగా లేవకండి. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జార్చి, చేత్తో నెట్టుకుని లేవండి. నొప్పి మాత్రల వల్ల, కదలిక తగ్గడం వల్ల మలబద్ధకం వస్తుంది. నన్నడిగితే కోత నొప్పి కంటే అదే ఎక్కువ బాధ. ముక్కాల్సిన పరిస్థితి తెచ్చుకోకుండా మొదటి రోజు నుంచే ఇసబ్‌గోల్ వాడవచ్చా అని డాక్టరును అడగండి.

నడవండి. మా ఇల్లు మల్కాజిగిరిలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మొదటి వారం వరండాలోనే ఇటు నుంచి అటు పది నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు నడిచాను. మెట్లు ఎక్కకూడదనేమీ లేదు, మెల్లగా ఎక్కితే చాలు.

ఆసుపత్రికి ఫోను చేయాల్సిన సందర్భాలు ఇవి: 100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరం, కోత దగ్గర ఎరుపు లేదా చీము, మూత్రం బాగా తగ్గడం, ఆగని వాంతులు, ఒక పిక్కలో మాత్రమే వాపు, నొప్పి. హఠాత్తుగా ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే ఫోను కూడా వద్దు, నేరుగా వెళ్లండి. కాలి నరాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం అరుదు, కానీ ఆలస్యం చేయకూడని విషయం. ఎడమ కిడ్నీ ఇచ్చిన మగవారికి కొందరికి అటువైపు వృషణంలో నొప్పి, వాపు వస్తాయి. సిగ్గుపడి దాచుకోకండి, డాక్టర్లకు అది తెలిసిన విషయమే.

ఆరు వారాలు: ఇంట్లో వస్తువులను తూచండి

'నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దు' అంటారు. ఇంట్లో ఏది ఎన్ని కిలోలో మనలో ఎవరికి తెలుసు? నేను కూర్చుని లెక్క వేశాను. నీళ్ల క్యాను 20 లీటర్లు, అంటే 20 కిలోలు. బియ్యం బస్తా 25. నిండు గ్యాస్ సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలే, ఇనుముతో కలిపితే దాదాపు 30. తడి దుప్పట్లు నిండిన బకెట్టు, అయిదు లీటర్ల కుక్కరులో నిండా పప్పు, మూడేళ్ల మేనకోడలు, అన్నీ హద్దు దాటినవే. కోత పైకి మానినట్టు కనిపించినా లోపలి పొరలు అతుక్కోవడానికి ఆరు వారాలు కావాలి. ఈలోగా బరువెత్తితే హెర్నియా వచ్చే ప్రమాదం ఉంది.

బరువులు ఎవరు మోస్తారన్నది ఆపరేషన్‌కు ముందే ఇంట్లో తేల్చుకోండి. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఆడవాళ్లే ఎక్కువ: అమ్మలు, భార్యలు, అక్కలు. ఇంటికి వచ్చిన పదో రోజుకు వంటింట్లోకి వెళ్లేదీ వాళ్లే. మా అత్తయ్య మంచి మనిషి. అయినా పన్నెండో రోజున 'కాస్త ఆ ఇడ్లీ పిండి గిన్నె అందుకో అమ్మా' అంది. గ్రైండరు రాయితో సహా ఉన్న గిన్నె అది! మీరు కాదంటే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా పరవాలేదు.

కారు నడపడం, స్కూటరు ఎక్కడం నొప్పి మందులు ఆగి, గట్టిగా బ్రేకు నొక్కినా పొట్ట నొప్పి పెట్టని రోజు నుంచే. మామూలుగా మూడు నాలుగు వారాలు పడుతుంది. మన హైదరాబాద్ స్పీడు బ్రేకర్ల మీద నాకు అయిదో వారంలో కూడా ప్రాణం లేచి వచ్చింది, కాబట్టి నేను మెట్రోకు మారిపోయాను. అమీర్‌పేటలో రైలు మారే గంటలో జనం తోసుకుంటారు, ఆ పొట్ట మీద మోచెయ్యి తగలకుండా బ్యాగును ముందుకు వేసుకోండి. కూర్చుని చేసే ఉద్యోగానికి నాలుగు వారాలు, ఒళ్లొంచి చేసే పనికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడతాయి.

నీరసం సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. నొప్పి మూడు వారాల్లో పోయింది. మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఒళ్లు కూలబడిపోయే నీరసం మాత్రం మూడు నెలలు ఉంది. నా ప్రాణంలో సగం పోయిందేమో అనుకున్నాను. అది పెద్ద ఆపరేషన్ నుంచి కోలుకునే తీరు, కిడ్నీ లోటు కాదు. రోజూ కాస్త పెంచుకుంటూ నడవండి, ఆరు నెలలకు మళ్లీ మీ మనిషి మీరు అవుతారు. అప్పటికీ తగ్గకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి.

రిపోర్టు చదవడం నేర్చుకోండి

రెండో నెలలో మా వీధి చివరి ల్యాబులో పరీక్ష చేయించుకున్నాను. ఈజీఎఫ్ఆర్ 58, పక్కన ఎర్ర నక్షత్రం, కింద సన్నని అక్షరాల్లో 'మూడో దశ కిడ్నీ జబ్బు'. ఆ రాత్రి మా ఆయనకు చెప్పలేదు, తమ్ముడికి అసలే చెప్పలేదు. తెల్లవారేదాకా ఫ్యాను చూస్తూ పడుకున్నాను.

ఆ నక్షత్రం వేసింది కంప్యూటరు. మీకు ఒకే కిడ్నీ ఉందని దానికి తెలియదు. సంగతి ఇది. ఒక కిడ్నీ తీయగానే వడపోత సగానికి పడిపోతుంది. మిగిలినదానికి రక్తం ఎక్కువగా వస్తుంది, అది కాస్త పెరుగుతుంది, వారాలు నెలల మీద మునుపటి మొత్తంలో 65 నుంచి 75 శాతం వరకు తానొక్కటే లాక్కొస్తుంది. కొత్త వడపోత గొట్టాలు పుట్టవు, ఉన్నవే పెద్దవవుతాయి. నాకు ముందు ఈజీఎఫ్ఆర్ 111. ఏడాదికి 72. అంటే 65 శాతం, పుస్తకంలో రాసినట్టే. దాత రిపోర్టులో 60 కంటే కొంచెం తక్కువ అంకె ఒక్కటే చూసి జబ్బు అనరు. మూత్రంలో ఆల్బుమిన్ లేకుండా, బీపీ సరిగ్గా ఉండి, అంకె ఏడాదికేడాదీ నిలకడగా ఉంటే దాన్ని మామూలుగానే చూస్తారు. కాబట్టి ఒక్క రిపోర్టును పట్టుకోకండి, వరసను చూడండి. గళ్ల పేజీ అందుకే గీయమన్నాను.

మూడు అంకెల్లో మార్పు వస్తే నెఫ్రాలజిస్టు దగ్గరికి వెళ్లండి: నిలకడగా ఉన్న క్రియాటినిన్ పెరుగుతూ పోవడం, మూత్రంలో ఆల్బుమిన్ క్రియాటినిన్ నిష్పత్తి 30 దాటడం, బీపీ మళ్లీ మళ్లీ 140/90 చేరడం. యూరాలజిస్టు కిడ్నీ తీసే డాక్టరు, ఏళ్ల తరబడి ఉన్న కిడ్నీని చూసుకునేది నెఫ్రాలజిస్టు. ఈ తేడా తెలియక నేను మొదటి ఏడాది సర్జనుగారి గది ముందే కూర్చున్నాను.

పరీక్షకు ముందు రోజు రాత్రి మటన్ బిర్యానీ తినకండి. వండిన మాంసం ఎక్కువగా తింటే క్రియాటినిన్ కొన్ని గంటలపాటు పైకి చూపిస్తుంది. జిమ్‌కు వెళ్లేవారు ఒకటి రెండు రోజులు గట్టి వ్యాయామం ఆపి వెళ్లండి. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబులో ఇవ్వండి, మూత్రం ఉదయం మొదటిది ఇవ్వండి. ఇంట్లో బీపీ చూసుకునేటప్పుడు అయిదు నిమిషాలు ఊరకే కూర్చుని, కాళ్లు నేలకు ఆనించి, చేతిని బల్ల మీద పెట్టి చూడాలి. మెట్లెక్కి వచ్చి చూసుకుంటే మా పక్కింటి కుర్రవాడికి కూడా 150 వస్తుంది.

ప్రమాదం అసలు ఎంత?

ముందే అడగాల్సిన ప్రశ్న, చాలామంది తర్వాత అడుగుతారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం దాదాపు 3,700 మంది దాతలను దశాబ్దాల పాటు గమనించి 2009లో ఫలితాలు ప్రకటించింది. వాళ్ల ఆయుష్షు సాధారణ జనంతో సమానంగానే ఉంది, జీవన నాణ్యత మార్కులు సగటు కంటే మెరుగ్గా వచ్చాయి. విని సంతోషించాల్సిందే, కానీ అక్కడే ఆగకూడదు. దాతలను ఏరి ఏరి ఆరోగ్యవంతులనే తీసుకుంటారు. వాళ్లను అందరితో పోలిస్తే మంచి ఫలితం రాక ఏమవుతుంది?

సరైన పోలిక 2014లో వచ్చింది. అదీ అమెరికా లెక్కే. జీవితకాలంలో కిడ్నీ పూర్తిగా పాడయ్యే అవకాశం, దాతల్లాంటి ఆరోగ్యమే ఉండి కిడ్నీ ఇవ్వనివారిలో 10,000 మందికి 14, ఇచ్చినవారిలో 90, ఆరోగ్యం చూసి ఏరని సాధారణ జనంలో 326. అంటే ఇవ్వడం వల్ల ప్రమాదం పెరిగిన మాట నిజం. పెరిగినా నూటికి ఒకరి లోపే ఉన్న మాటా నిజం. రెండింటినీ కలిపి చెప్పని మనిషి మాట నమ్మకండి, భయపెట్టేవారిదైనా, ధైర్యం చెప్పేవారిదైనా.

మొదటిసారి విజయవంతంగా కిడ్నీ మార్పిడి జరిగింది 1954 డిసెంబర్ 23న, బోస్టన్‌లో. రోనాల్డ్ హెరిక్ తన కవల సోదరుడు రిచర్డ్‌కు ఇచ్చాడు. ఆ తర్వాత రోనాల్డ్ 56 ఏళ్లు బతికి, 2010లో 79వ ఏట కన్నుమూశాడు. ఒక్క మనిషి కథ రుజువు కాదని తెలుసు. అయినా ఆ అంకె నా ఫైలు అట్ట లోపల రాసి పెట్టుకున్నాను.

మందుల షాపులో, స్కాన్ గదిలో

దాతకు రోజువారీ జీవితంలో పెద్ద శత్రువు మూల మీది మందుల షాపు. నడుం నొప్పి అనగానే చీటీ లేకుండా మాత్రలు కత్తిరించి ఇస్తారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్, ఈ కుటుంబం మాత్రలు కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. డాక్టరు చెప్పకుండా వాటి జోలికి పోకండి. చాలా మాత్రల్లో ఎసిక్లోఫెనాక్‌ను పారాసిటమాల్‌తో కలిపి అమ్ముతారు. 'పారాసిటమాలే అమ్మా' అని ఇస్తే పట్టీ వెనక సన్నని అక్షరాలు చదవండి. నాకు ఒకసారి అలాగే ఇచ్చారు. కళ్లజోడు తెచ్చుకోనందున ఇంటికొచ్చాక చూశాను, వెళ్లి తిరిగి ఇచ్చేశాను. మామూలు జ్వరానికి, నొప్పికి ఉత్త పారాసిటమాల్ తగిన మోతాదులో చాలు.

'కిడ్నీ శుద్ధి' పేరుతో వచ్చే పొడులు, కషాయాలు వద్దు. సీసం, పాదరసం కలిసిన భస్మాలు రెండు కిడ్నీలున్నవారికే చేటు. మీ మంచి కోరి బంధువులు సీసాలు తెస్తారు. తీసుకుని, దండం పెట్టి, అటక మీద పెట్టండి.

పంటి డాక్టరైనా, కంటి డాక్టరైనా, ఎముకల డాక్టరైనా గదిలోకి వెళ్లగానే మొదటి మాట 'నాకు ఒకే కిడ్నీ ఉంది' అని. సీటీ స్కానుకు ముందు సూదిలో ఇచ్చే రంగు మందు విషయంలో, కొన్ని యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల విషయంలో వాళ్లు జాగ్రత్త పడాలి. నేను ఒకసారి చెప్పడం మరచి అల్ట్రాసౌండుకు పడుకున్నాను. ఆ అమ్మాయి జెల్లు రాసి, పరికరాన్ని ఎడమ డొక్క మీద అటూ ఇటూ తిప్పి, ముఖం మార్చి, మెల్లగా 'మేడమ్, ఎడమ కిడ్నీ కనిపించడం లేదు' అంది. 'అది కరీంనగర్‌లో ఉద్యోగం చేస్తోందమ్మా' అన్నాను. అర్థమయ్యాక ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుకు దిండు అక్కర్లేదని అప్పుడు గమనించాను.

వంటిల్లు

దాతకు ప్రత్యేక పథ్యం లేదు. డయాలసిస్ రోగుల పట్టికలు మీకు వర్తించవు. టమాటా, పాలకూర మానేయకండి. మీ శత్రువు ఉప్పు, అది బీపీని పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది, అంటే అన్ని వంటల్లోదీ కలిపి ఒక టీస్పూను కూడా నిండదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, చల్ల మిరపకాయలు ఒకే విస్తట్లో ఉంటే ఆ లెక్క మొదటి ముద్దకే గల్లంతు. నేను ఆవకాయ మానలేదు, ఆదివారానికి మార్చాను. పెరుగన్నంలో ఉప్పు మానేశాను. పదిహేను రోజులు చప్పగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. 'తక్కువ సోడియం' ఉప్పులో పొటాషియం ఉంటుంది, అడగకుండా వాడకండి.

ప్రొటీన్ పొడులు వద్దు. పప్పు, గుడ్డు, చేప, రంజాన్ నెలలో ఒక గిన్నె హలీం, ఇవన్నీ మామూలు మనుషుల్లాగే తినండి. నీళ్లు దాహాన్ని బట్టి, మూత్రం లేత పసుపులో ఉండేటట్టు తాగండి. పంతం పట్టి బిందెలు తాగాల్సిన పని లేదు. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, విరేచనాలు పట్టుకున్నప్పుడు మాత్రం ఏమరపాటు పనికిరాదు. ఓఆర్ఎస్ ఇంట్లో ఉంచుకోండి, నీరు నిలవకపోతే అదే రోజు డాక్టరును చూడండి. రోజా ఉండేవారు, నిర్జల ఏకాదశి చేసేవారు నెఫ్రాలజిస్టును ఒక మాట అడిగి మొదలుపెట్టండి. పొగతాగడం మానాలని వేరే చెప్పనక్కర్లేదు. బరువు పెరగకుండా చూసుకోవడం అన్నింటికంటే ముఖ్యం, ఎందుకంటే ఆ ఒక్క కిడ్నీని పాడుచేయగల షుగరు, బీపీ ఆ దారినే వస్తాయి.

సెలవు, బీమా, పెళ్లి, పిల్లలు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు అవయవ దానం చేస్తే 42 రోజుల వరకు ప్రత్యేక క్యాజువల్ లీవు ఇస్తూ 2023లో ఉత్తర్వు వచ్చింది. హైదరాబాద్‌లో రైల్వే, రక్షణ, అకౌంట్స్ ఆఫీసుల్లో ఉన్నవారు దాన్ని వాడుకోండి. ప్రైవేటులో ఉంటే ముందే రాతపూర్వకంగా అడగండి. బీమాలో చాలా పాలసీలు కిడ్నీ తీసే ఖర్చు వరకే ఇస్తాయి, దాతకు తర్వాత వచ్చే ఇబ్బందులకు కాదు. ఆ వాక్యం ఎక్కడుందో వెతికి చదవండి. కొత్త పాలసీ తీసుకుంటే ఒక కిడ్నీ సంగతి దాచకండి, దాస్తే క్లెయిము తిరగ్గొట్టడానికి వాళ్లకు సాకు దొరుకుతుంది.

పెళ్లి కాని అమ్మాయి ఇస్తానంటే సంబంధాలు రావని ఇళ్లలో గొడవ. వచ్చిన సంబంధానికి నిజం చెప్పండి. పిల్లలు పుట్టరన్నది అబద్ధం. అయితే కెనడాలో జరిగిన పరిశీలనలో గర్భిణిగా బీపీ, దాని తాలూకు చిక్కులు దాతల్లో 11 శాతం మందికి, దాతలు కానివారిలో 5 శాతం మందికి వచ్చాయి. అందుకని ఆపరేషన్ తర్వాత ఏడాది ఆగి, మొదటి నెల నుంచే ప్రసూతి డాక్టరుకు చెప్పి, బీపీ తరచుగా చూపించుకుంటే సరిపోతుంది.

ఎవరూ అడగని ప్రశ్న

ఆ మూడు నెలల్లో మా ఇంటికి వచ్చినవారు, ఫోను చేసినవారు అందరూ నన్ను అడిగింది ఒకటే: 'తమ్ముడికి ఎలా ఉంది?' మొదట సంతోషంగా చెప్పేదాన్ని. తర్వాత తర్వాత కోపం వచ్చేది. ఆ కోపానికి సిగ్గు వేసేది. ఇచ్చినప్పుడు ఊరంతా దేవత అన్నారు, దేవతకు కోపం రాకూడదు కదా! ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు దిగులు రావడం దాతల్లో కనిపించేదే. ఎవరితోనైనా చెప్పండి. రెండు మూడు వారాలైనా నిద్ర, ఆకలి సరిగ్గా లేకపోతే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి, వెళ్లినట్టు ఫైలులో కూడా రాయండి.

ఇంకో జబ్బు ఉంది, అది నాకే పట్టింది. కిడ్నీ ఇచ్చేశాను గానీ వదిలిపెట్టలేదు. రాత్రి ఎనిమిదికి ఫోను: 'మాత్ర వేసుకున్నావా?' పెళ్లిలో వాడు రెండో జిలేబీ తీసుకుంటే నా చూపు. ఏడాదిన్నర ఓపిక పట్టి ఒకరోజు 'అక్కా, నువ్వు ఇచ్చావా, అద్దెకిచ్చావా?' అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే ఫోను చేసి, కిడ్నీ గురించి ఒక్క మాట కూడా ఎత్తకుండా మాట్లాడాను. కష్టమే, కానీ అప్పటి నుంచి అలాగే మాట్లాడుతున్నాను.

మార్చిన కిడ్నీ ఎప్పటికీ ఉంటుందని హామీ లేదు. కొందరికి మొదటి ఏడాదే తిరస్కరణ వస్తుంది, అంటే ఒళ్లు ఆ కిడ్నీని పరాయిదిగా చూసి తిప్పికొడుతుంది. అలా జరిగితే మీరిచ్చిన కిడ్నీ మంచిది కాదని కాదు, మీ త్యాగం వృథా అయిందనీ కాదు. ఈ మాట ఇవ్వడానికి ముందే ఇద్దరూ కూర్చుని బయటికి అనుకోండి. తర్వాత అనుకోవడానికి నోరు రాదు.

ఏడాదికి ఒక రోజు

ఆరో నెలలో, ఏడాదికి, ఆ తర్వాత ప్రతి ఏడూ ఒకసారి: బరువు, బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, షుగరు. అంతకు మించి ఏమీ లేదు, ఒక పూట పని. ఆపరేషన్ తేదీనే పరీక్ష తేదీగా ఫోనులో పెట్టుకుంటే మరవరు. ఫైలు పట్టుకెళ్లి, గళ్లలో కొత్త వరస నింపి, డాక్టరుకు ఆ పేజీ చూపించండి.

మేమిద్దరం ఒకే రోజు పెట్టుకున్నాం. వాడు తెల్లవారుజామున కరీంనగర్‌లో బస్సెక్కి వస్తాడు, రక్తం ఇచ్చి పంజాగుట్టలో ఒక ఇరానీ హోటల్లో కూర్చుంటాం. మధ్యాహ్నానికి రిపోర్టులు ఫోనుకు వస్తాయి. ఎవరి క్రియాటినిన్ ఎక్కువ వస్తే వాళ్లు బిల్లు కట్టాలన్నది షరతు. ఇప్పటివరకు ప్రతిసారీ వాడే కట్టాడు. పోయినసారి 1.3 చూసుకుని, ఉస్మానియా బిస్కట్లు ఇంకో ప్లేటు చెప్పి, 'నీ కిడ్నీయే కదక్కా, సగం నువ్వు కట్టు' అన్నాడు. నేను కట్టలేదు.